వెళ్ళొస్తాను

ఆ అమ్మాయిని రూమ్మేట్లు "గడియారం" అంటారు. పట్టా చేతికొచ్చిన రోజు నుంచి, ఉద్యోగం దొరక్కపోతే ఈ దేశంలో ఉండనిచ్చేది ఇంకెన్ని రోజులో పొద్దున లేవగానే పైకే లెక్కపెడుతుంది. ఇవాళ్టికి పదకొండు. ఇంటర్వ్యూ ఉంటే అద్దం ముందు జవాబులు వల్లెవేస్తుంది. ఇస్త్రీ నలుగుతుందని బస్సులో సీటున్నా కూర్చోదు.

ఇవాళ్టి ఇంటర్వ్యూలో మేనేజరు అడిగినవాటన్నిటికీ తడబడకుండానే చెప్పింది. లేచేటప్పుడే కొంప మునిగింది. గడప దాటేటప్పుడు "వెళ్తాను" అనకూడదని అమ్మమ్మ చిన్నప్పుడే నేర్పింది. ఆ అలవాటు కొద్దీ ఈ దేశపు భాషలోకి మార్చి మరీ "వెళ్ళొస్తానండీ" అనేసింది. మేనేజరు వాచీ చూసుకున్నాడు. "ఎంతసేపట్లో వస్తారు?" అది సెలవు తీసుకునే మాటని చెప్పబోయి, "పది నిమిషాల్లోనండీ," అంది. మెట్లు దిగి, భవనం చుట్టూ రెండుసార్లు తిరిగి, సరిగ్గా పదో నిమిషానికి తలుపు తట్టింది. ఆయన ఆమెనీ వాచీనీ మార్చి మార్చి చూశాడు. "సోమవారం నుంచి ఉద్యోగానిక్కూడా ఇలాగే టైముకి వస్తారా?" ఆమె తల అన్ని దిక్కులా ఊపింది. ఈసారి ఏమని చెప్పి వెళ్ళాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.