తెప్పకు అవతలి తాడు

దెయ్యాలూ ఆత్మలూ అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పుడు నేనే రాస్తున్నాను, నవ్వుకోండి.

చిక్కడపల్లిలో మా పుట్టింటి గల్లీ గుడికి కోనేరు లేదు. ఏటా ఎండాకాలం తెప్పోత్సవానికి ఆవరణలో ఇటుకలు పేర్చి, టార్పాలిన్ పరిచి, ట్యాంకర్ నీళ్లు నింపుతారు. చిన్న తెప్ప మీద స్వామిని కూర్చోబెట్టి రెండు వైపులా తాళ్లు కడతారు. ఒకరు లాగుతుంటే ఎదుటివాళ్లు వదులు చేస్తూ ఉండాలి. ఇరవై ఏళ్లుగా ఒక తాడు మా అక్కది, ఇంకోటి నాది.

పోయినేడు నేను తొందరపడి లాగితే తెప్ప ఒరిగి స్వామి గొడుగు నీళ్లలో పడింది. "గంత తొందరేందే? స్వామిని ముంచుతవా ఏంది!" అని అక్క అందరి ముందూ అరిచింది. తాడు అక్కడే పడేసి అశోక్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చేశాను. తర్వాత ఆమె ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. నా పొగరు అలాంటిది. దసరాకు ముందు అక్క గుండెపోటుతో పోయింది. మళ్లీ ఆమె గడప తొక్కింది శవాన్ని చూడటానికే.

ఈ ఏడు వెళ్లొద్దనుకున్నాను. పంతులుగారు కబురు పెడితే కాదనలేకపోయాను. అక్క తాడు పట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. దాన్ని అవతలి వైపున్న ఇనుప కమ్మీకి వదులుగా కట్టారు. నేనే తెప్పను ఇటు లాగి, చుట్టూ తిరిగి వెళ్లి మళ్లీ అటు లాగాలి.

సాయంత్రం ఆరు. ఇంకా వెలుతురుంది. గాలి అసలే లేదు, తోరణాల మామిడాకు కూడా కదలడం లేదు. తెప్పను నా వైపు లాగి చెమట తుడుచుకుంటున్నాను. చేతిలో తాడు జారింది. గట్టిగా పట్టుకున్నా జానెడు జానెడు పోతూనే ఉంది. తెప్ప మెల్లగా అవతలికి వెళ్లిపోయింది.

"వదిలినవా బిడ్డా?" అన్నారు పంతులుగారు.

"వదల్లే పంతులుగారూ, ఎవరో గుంజుతున్నరు."

అవతలి తాడు మాత్రం ఎక్కడా బిగుసుకోకుండా నీళ్లలోకి వదులుగా వేలాడుతోంది. ఆయనా చూశారు.

అంతమందిలో భోరున ఏడ్చేశాను. "అక్కా, తప్పంతా నాదే" అన్నాను. కళ్లు తుడుచుకుని తాడు లాగితే తెప్ప తేలిగ్గా వచ్చేసింది, అటు ఎవరూ లేనట్టే.

నీళ్లు కదిలి ఉంటాయన్నారు కొందరు. మర్నాడు పంతులుగారూ నేనూ ఖాళీ తెప్పను నా వైపు ఉంచి గంటసేపు చూశాం. కదల్లేదు.

ఏం జరిగిందో ఈరోజుకీ చెప్పలేను. వచ్చింది అక్కే అయితే, నా మాట విని వెళ్లిందా, వినకముందే వెళ్లిపోయిందా?