ఊపిరి బిగబట్టి ఇచ్చిన కొలతలు

కుట్టుమిషన్ నూనె వాసన, కొత్త లైనింగు గుడ్డ వాసన కలిసి ముక్కుకు తగిలితే నాకు యాదమ్మ గుర్తొస్తుంది. మొన్న మదీనాగూడలో ఒక టైలర్ దుకాణం ముందు అలాగే నిలబడిపోయాను.

తొంభై ఎనిమిదిలో మేము కూకట్‌పల్లిలో అద్దెకుండేవాళ్లం. మాదాపూర్ వైపు కొత్తగా లేచిన అద్దాల భవనంలో పాత ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి సరిచేయడం నా ఉద్యోగం. ఇంట్లో తప్పు నేనే. పెళ్లైన మూడో రోజు మా ఆయన, "పెళ్లిచూపుల ఫొటోలో సన్నగా కనిపించావే" అన్నారు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. ఆ మాత్రం మాటకు ఎవరితో మొరపెట్టుకుంటాం? అప్పటినుంచి గదిలో లైటు ఆర్పే బాధ్యత నాదైంది. ఆయన చెయ్యి తగలగానే పొట్ట లోపలికి లాక్కుని, ఎప్పుడు వదలొచ్చా అని ఎదురుచూసేదాన్ని. కాపురమంటే అదేననుకున్నాను.

యాదమ్మ మా వీధి చివర ఒంటిగదిలో జాకెట్లు కుట్టేది. యాభై దాటిన మనిషి. ఆమె కుట్టిన మూడు జాకెట్లూ నాకు బిగుతయ్యాయి. నాలుగోసారి టేపు నడుముకు చుట్టి ఆగిపోయింది.

"ఊపిరి ఇడువు బిడ్డా."

"వదిలానండి."

"ఏడ ఇడిసినవ్? కొలతలిచ్చేది ఒకామె, తొడుక్కునేది ఇంకొకామె. నేనెవరికి కుట్టాలె?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. తలుపు దగ్గరగా వేసి, "మొగనికాడ గూడ గిట్లనే ఉంటవా?" అంది. నేను తలూపాను. "ఆయనకు మంచిగనే ఉంటదిలే. మరి నీకు?"

ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు, అడగవలసిన ఆయనతో సహా. "ఫరవాలేదండి" అన్నాను, ఇంటర్వ్యూలో జీతం గురించి చెప్పినట్టు.

యాదమ్మ టేపు మడిచింది. "మా ఆయన నల్లగున్నవన్నడు. ఇగ దీపం ఆర్పుడు మొదలువెట్టిన. ముగ్గురు పిల్లలు పుట్టిన్రు. ఆయన సచ్చినంక స్నానం చేపిస్తుంటే, తొడ మీద ఇంత పుట్టుమచ్చ! ఇరవై ఏండ్ల కాపురం. గప్పుడు సూసిన."

ఆ రోజు ఊపిరి వదిలి మళ్లీ కొలతలిచ్చాను. ఆ జాకెట్టు సరిగ్గా పట్టింది. మిగతాదానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ధైర్యం చేసి మా ఆయనను ఆ ఫొటో మాట గురించి అడిగాను. "నేనా? ఎప్పుడన్నాను?" అన్నారు, పేపరు తిప్పుతూ. అబద్ధం కాదు, నిజంగానే గుర్తులేదు. అన్నేళ్లు నేను కాపలా కాసిన మాటను ఆయన అన్న రోజే పారేసుకున్నారు.

ఇది యాదమ్మకు చెప్పాలని వెళ్తే ఆ గదికి తాళం వేసి ఉంది. ఎటు వెళ్లిందో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు లైటు ఆర్పను. గెలిచానని కాదు. ఆయన చెయ్యి నడుము మీదికి వస్తే నాకంటే ముందు నా పొట్ట లోపలికి పోతుంది. "కాస్త ఆగండి" అనడం మాత్రం నేర్చుకున్నాను. నేను ఊపిరి వదిలేదాకా ఆయన ఆగుతారు. ఎందుకు ఆగమంటున్నానో ఆయన ఇంతవరకు అడగలేదు.