దుబాయ్ చెంచా

2011లో నేను ఎల్బీ నగర్‌లోని ఒక ప్రైవేటు ఆహార పరీక్షశాలలో సీనియర్ అనలిస్టుని. తెలంగాణ కోసం బంద్‌లు జోరుగా సాగుతున్న రోజులవి. బస్సులు లేనప్పుడు సరూర్‌నగర్ నుంచి నడిచే వెళ్లేదాన్ని.

అలాంటి ఒక రోజు మా వీధిలో ఉండే యాదమ్మ గారు పాలపొడి డబ్బా, కలిపిన పాలసీసా పట్టుకుని ల్యాబ్‌కే వచ్చారు. ఆమె మనవడికి నాలుగో నెల. తల్లిపాలు చాలక డాక్టరు డబ్బాపాలు పట్టమన్నారు. మేనమామ దుబాయ్ నుంచి తెచ్చిన డబ్బాలు అయిపోతే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇక్కడి డబ్బా కొన్నారు. అప్పటినుంచి పిల్లాడికి విరేచనం గట్టిపడింది, ఏడుపు ఆగడం లేదు.

“గీ పొడిల ఏమో కలిపిండ్రు మేడం. జర చూడుండ్రి,” అన్నారు.

నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. పసిపిల్లల పాలపొడిలో ఇనుము, కాల్షియం ఎంతుండాలో ఒక్కో దేశానిది ఒక్కో లెక్క. ఇనుము కొందరు ధారాళంగా వేయిస్తారు, కొందరు పొదుపుగా. ఖాళీ దుబాయ్ డబ్బా కూడా తెప్పించుకుని, రెండు లేబుళ్లకూ పక్కపక్కన పట్టిక గీసి మురిసిపోయాను. పొడిని, పాలను విడివిడిగా కొలిమిలో బూడిద చేసి, ఆమ్లంలో కరిగించి, ఖనిజాలు కొలిచాను. రెండు రోజులు పట్టింది.

పొడి లేబుల్‌ మీద రాసినట్టే ఉంది. సీసాలోని పాలలో మాత్రం సోడియం, కాల్షియం, ఇనుము అన్నీ ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు. అన్నీ ఒకే తీరుగా పెరిగాయంటే తప్పు పొడిది కాదు, కలపడంలో ఉంది. తిన్నగా వాళ్లింటికి వెళ్లి, పాలు ఎలా కలుపుతున్నారో చూపించమన్నాను.

“డబ్బ మీద ఉన్నట్టే మేడం. ముప్పై మిల్లీలకు ఒక చెంచ.”

ఆమె చేతిలో ఉన్నది దుబాయ్ డబ్బాలోని చెంచా. అది అరవై మిల్లీలకు సరిపడే కొలత. కొత్త చెంచా ఏదని అడిగాను.

“గది మరీ చిన్నగుండె. ఇది రోజు మరగబెట్టే చెంచనే గదా.”

అంత చిక్కటి పాలలోని ఉప్పులను పసివాడి మూత్రపిండాలు మోయలేవు. వాడు ఏడుస్తున్నది దాహంతో. ఆకలనుకుని మళ్లీ అవే పాలు పడుతున్నారు. యాదమ్మ గారి కొడుకు బండి మీద పిల్లాణ్ణి వెంటనే దవాఖానకు పంపించాను. నాలుగు రోజులకు కోలుకున్నాడు.

ఎలా కలుపుతున్నారని అడగడానికి కొలిమి అక్కర్లేదు. నేను దేశాల పట్టిక గీసుకున్న ఆ రెండు రోజులూ పిల్లాడు దాహంతో ఏడ్చాడు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు పాలపొడి తెచ్చినా, డబ్బా మూత తీయకముందే చెంచా చూపించమనేదాన్ని.