మా కొలువులో హార్జ్ కొండలు

మా చిన్నప్పుడు... దసరా వస్తోందంటే అమెరికాలో మా మోరిస్‌విల్ అపార్ట్‌మెంట్ హాల్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. అట్టపెట్టెలు, తడిపిన కాగితాలు, మైదా గంజి... మధ్యలో లుంగీ ఎగ్గట్టుకుని నాన్న.

అందరి బొమ్మల కొలువులో తిరుమల కొండ ఉంటే మా కొలువులో జర్మనీ కొండలుండేవి. పెళ్ళికి ముందు నాన్న అక్కడ చదువుకున్నాడు. సెలవు దొరికితే చాలు, హార్జ్ కొండల్లో పడి తిరిగేవాడట. ఆ పిచ్చి వదల్లేదు.

నేను కొండకి మొన పెడితే అరచేత్తో నొక్కేసేవాడు. "అవి చాలా ముసలి కొండలు తల్లీ, అరిగిపోయి ఉంటాయి." నెత్తిమీద చెట్టుండకూడదు, గుండ్రాళ్ళే. కింద క్రిస్మస్ సేల్‌లో కొన్న బుల్లి చెట్లు. పైన దూది మంచు. వాగులోకి మాత్రం టీ డికాషన్... అక్కడి బురదనేలల్లోంచి వచ్చే నీళ్ళు ఆ రంగులోనే ఉంటాయట. అమ్మ తల పట్టుకునేది.

పేరంటానికొచ్చిన ఆంటీలు ఏడిపించేవారు. "జర్మనీ కొండమీద సీతారాములేంటి అన్నయ్యగారూ?"

"వనవాసమే కదమ్మా, ఎక్కడైతే ఏం?" అనేవాడు నాన్న.

పొద్దున్నే ఆ హార్జ్ కొండెక్కి వీపుకి ఎండ తగిలేలా నిలబడితే, ఎదురుగా పొగమంచుమీద మన నీడ రాక్షసుడంత కనిపిస్తుందని చెప్పేవాడు. అది చూడాలని నాకెంత ఆశో... అడిగినప్పుడల్లా ఒకటే మాట. "గ్రీన్ కార్డ్ రానీ తల్లీ. ఫస్ట్ ట్రిప్ అక్కడికే, నువ్వూ నేనూ." దేశం దాటితే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుపోతామని భయం మరి.

నేను ఆరో క్లాసులో ఉండగా నాన్నకి జబ్బు చేసింది. ఆ దసరాకి ఆయన సోఫాలో పడుకుని చూస్తుంటే నేనే కొండ కట్టాను. మొన అలాగే ఉండిపోయింది. "బాగుంది తల్లీ" అన్నాడు. నొక్కడానికి చెయ్యి లేవలేదని నాకప్పుడు తెలియలేదు.

నాన్న ఆ చలికాలం దాటలేదు...

అమ్మ ఆఫీస్ ద్వారా వేసిన గ్రీన్ కార్డ్ తర్వాతి వేసవిలో వచ్చింది. రెండే కార్డులు. అమ్మ వాటిని టేబుల్ మీద పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. మా ఇంట్లో మళ్ళీ కొలువు పెట్టలేదు.

ఇప్పుడు నేను ఎక్కడికైనా వెళ్ళగలను. ఆఫీస్ పనిమీద జర్మనీ కూడా వెళ్ళొచ్చాను. ఆ కొండల వైపు మాత్రం పోలేదు... వెళ్తే అక్కడ కూడా నాన్న లేడని తెలిసిపోతుంది.

ఈమధ్య కొలువు మెట్లూ కొండలూ అన్నీ రెడీమేడ్‌గా అమ్ముతున్నారు. ఇల్లు పాడవదు, ఎవరూ గంజి కాచక్కర్లేదు. మీ ఇంట్లో కొండ ఎవరు కట్టేవారో చెప్పండి, చదువుకుంటాను. వాళ్ళు ఇంకా ఉంటే మాత్రం... దేనికోసమూ ఆగకండి. వాళ్ళు తీసుకెళ్తామన్న చోటికి ఈ ఏడే బయల్దేరండి.