పత్రి సంచిలో దొరగారు

మా కుందేలుకు మేం పెట్టుకున్న బిరుదు దొరగారు. ఎలక్ట్రానిక్ సిటీలోని మా అద్దె ఇంట్లో, మంచం కింద కూర్చుని ఆయనగారు పోయే అలకలు అన్నీ ఇన్నీ కావు! క్యారెట్ కావాలి. అరటిపండు కావాలి. మా ఆయన టీలో ముంచుకునే బిస్కెట్టయితే వెనక కాళ్ళ మీద లేచి మరీ అడుగుతారు. ఏరికోరి తెప్పించిన ఎండుగడ్డిని మాత్రం ఒకసారి వాసన చూసి, మూతి తిప్పుకుని వెళ్ళిపోతారు.

జంతువుల డాక్టరుగారు నోరు తెరిపించి చూసి మాకు చీవాట్లు పెట్టారు. "గడ్డి నమలకపోతే వీటి పళ్ళు పెరుగుతూనే పోతాయి. మీరు ముద్దుచేసి పెట్టేవన్నీ మిఠాయిలే, తగ్గించండి. కానీ పస్తు పెట్టకండి. పూటంతా ఏమీ ముట్టకపోతే వెంటనే తీసుకురండి, పేగులు ఆగిపోతే ప్రాణం మీదికొస్తుంది."

తగ్గించాం. దొరగారు అలిగారు. వినాయక చవితి ముందురోజు సాయంత్రం కొత్తిమీర కూడా ముట్టలేదు. పొద్దున లేచి చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది. పండగ లేదు, ఉండ్రాళ్ళు లేవు, ముందు ఆసుపత్రికి పోదాం పద అన్నాను మా ఆయనతో. బుట్ట తెచ్చి మంచం కిందకు వంగితే దొరగారు లేరు!

వంటింట్లో గరగరమని చప్పుడు. ముందురోజు మడివాళ మార్కెట్ నుంచి తెచ్చి నేల మీద పెట్టిన పత్రి సంచిలో తల దూర్చి, ఏదో నములుతున్నారు మహానుభావుడు! నేను వేసిన కేకకు కింద ఉండే ఇంటి ఓనరమ్మ పరుగున వచ్చింది. తరాలుగా బెంగళూరులోనే ఉంటున్న తెలుగావిడ.

"ఏమమ్మా, అట్ల అరస్తా ఉండావు?" అంటూనే సంచి చూసి గుండెలు బాదుకుంది. "అయ్యో! పత్రిలో ఉమ్మెత్తాకు ఉండాది కదమ్మా! గన్నేరు ఉండాది! తీయప్పా, బేగ తీయి!"

మా ఆయన దొరగారిని ఎత్తుకున్నాడు. నేను సంచి బోర్లించాను. ఒక్కో ఆకునూ వెలుతురుకు పట్టి చూశాం. ఉమ్మెత్త, ఒక్క పంటి గాటు లేదు. గన్నేరు చెక్కుచెదరలేదు. జిల్లేడు కట్ట కట్టినట్టే ఉంది. మరేం తిన్నట్టు?

"ఇట్ల చూడమ్మా," అంది ఓనరమ్మ. గరిక కట్ట సగం లేదు! మా ఆయన చేతుల్లో ఉన్న దొరగారి మూతి పక్కన ఒక గరిక పోచ వేలాడుతోంది, అది కూడా చూస్తుండగానే లోపలికి పోయింది.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "గరికేనా? భేష్! కడిగి ఎంత తింటే అంత పెట్టండి, మధ్యాహ్నం ఒకసారి తెచ్చి చూపించండి," అన్నారు.

"మరి వినాయకుడికో?" అన్నాడు మా ఆయన.

"ఆయప్పకు మా ఇంట్లోది తెస్తా. దీన్ని తిననీ," అంది ఓనరమ్మ.

మిగిలిన గరిక కడిగి ముందు పెట్టాను. దొరగారు వాసన చూశారు. పోచ వెనక పోచ, కరకరా నమలడం మొదలుపెట్టారు. ఉండ్రాళ్ళ పిండి కలపనే లేదు, స్టవ్ వెలిగించనే లేదు. ఆ గచ్చు మీదే చతికిలబడి, "తింటోంది! గడ్డి తింటోంది!" అని భోరున ఏడ్చేశాను.