గుసగుసగా పిలిచిన పేరు

ఈ రోజు బోధన్ దగ్గర నిజాం కాలపు కచేరీ భవనంలో మద్రాసు కంపెనీ సినిమా తీసింది. వరండాలో కెమెరా, లోపలి గదిలో ఎప్పటిలాగే భూమి కేసుల విచారణ. షాట్ జరిగేటప్పుడు ఎవరూ శబ్దం చేయకూడదన్నారు.

కోటగిరి రైతు గంగారాం చెరుకు పొలం హద్దు తగాదాకు ఈ రోజే వాయిదా. పొద్దుటి నుంచి మెట్ల మీద, అర్జీలు రాసే నా పక్కనే కూర్చున్నాడు. కేసు రాగానే కచేరీ జవాను గుమ్మంలో నిలబడి, రూలు ప్రకారం మూడుసార్లు పేరు పిలిచాడు, గుసగుసగా. గంగారాం కదలలేదు. గైర్హాజరని రాసి కేసు కొట్టేశారు. సంగతి తెలిసి గంగారాం జవానును నిలదీశాడు.

"గదేం పిలుసుడు తమ్మీ? ఈగకన్న ఇనబడ్డదా?"

"నన్నేం జెయ్యమంటవ్ బాపు? ఒర్రితే సినిమావోళ్లు మీదికొస్తరు, పిలువకుంటే సాబు తిడ్తడు. మూడుసార్లయితే పిలిచిన."

జవాను పెదవులు కదలడం నేను చూశాను. మాట మాత్రం నాకూ వినపడలేదు.

కేసు మళ్ళీ విచారించమని గంగారాం కోసం అర్జీ రాశాను. ఆయన హాజరయ్యాడని సాక్షి సంతకం కూడా చేశాను. పేరు పిలిచారా లేదా అన్న వాక్యం దగ్గరే కలం ఆగిపోయింది. మీరైతే ఏమని రాస్తారు?