ఒకే నెత్తురు, రెండు పేర్లు

పప్పు వ్యాపారం చేసేవాడు పప్పులో కాలేయడం పెద్ద విశేషం కాదు. నేను మాత్రం రెండు కాళ్లూ వేశాను, అదీ నాది కాని పప్పులో. రక్తపరీక్షలు చేసే ల్యాబు దొంగతనాన్ని పట్టుకోబోయి సొంత అన్న వైద్యాన్ని ఆలస్యం చేసిన మూర్ఖుణ్ని నేనే. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే, చదివేవాళ్లకు నన్ను అనుమానించే శ్రమ తప్పుతుంది.

తాండూరులో మాది కందిపప్పు దుకాణం. అన్నా నేనూ నడుపుతాం. తమ్ముడు ధారూర్ దగ్గర పొలం చూసుకుంటాడు. దళారులకు నమూనా పంపేటప్పుడు మా నాన్న ఒక పని చేసేవాడు. ఒకే బస్తాలోంచి రెండు పొట్లాలు కట్టి, వాటి మీద రెండు పేర్లు రాసేవాడు. దళారి రెండింటికీ ఒకే ధర చెబితే సరుకు చూశాడని అర్థం. తేడాగా చెబితే పొట్లం విప్పకుండానే నోటికొచ్చింది అన్నాడని అర్థం. నాన్న ఆస్తిలో నాకు దుకాణం సగమే వచ్చింది గానీ, ఈ అలవాటు మాత్రం మొత్తం వచ్చింది.

నిరుడు తొలకరికి ముందు అన్న పాదాలు వాచాయి. వికారాబాద్ డాక్టరు స్కానింగ్ తీయించి, కిడ్నీల్లో నీటి తిత్తులున్నాయన్నాడు. ఇది వంశంలో వచ్చే రోగమేమో, జన్యుపరీక్ష చేయించండి, తమ్ముళ్లిద్దరూ చేయించుకుంటే మంచిది అన్నాడు. దానికి మందు ఉందట, కానీ ఖరీదు. బీమావాళ్లు ఒప్పుకుంటేనే మొదలుపెట్టగలం. రిపోర్టు చూడందే వాళ్లు ఒప్పుకోరు. అంటే అన్న మందు మొత్తం ఆ ఒక్క కాగితం మీద ఆగి ఉంది.

ల్యాబు వికారాబాద్‌లోనే, ఈ పరీక్షకు మాత్రం రక్తాన్ని దూరంగా వాళ్ల పెద్ద ల్యాబుకు పంపుతారట. కౌంటర్‌లో ఒకామె, కళ్లద్దాలకు తాడు కట్టుకుని మెడలో వేసుకునేది. అన్న రక్తం ఇచ్చాక బిల్లు చేతిలో పెట్టింది. అందులో పరీక్ష పేరు లేదు, రెండు నంబర్లున్నాయి.

"మేడం, సరుకు పేరు లేదేంది?" అన్నాను.

"కోడ్ ఉంది గద సార్. మొదటిది ఏ పరీక్షనో చెప్తది. రెండోది ఎందుకు చేస్తున్నమో చెప్తది."

"ఎవరికి చెప్తది?"

"బీమావాళ్లకు."

"మాకు?"

"మీకు నేను చెప్పిన గద."

కోడ్ కన్నా కోడి నయమనిపించింది, అది కనీసం అందరికీ వినబడేలా కూస్తుంది. ఇంటికొచ్చి ఆ రెండు నంబర్లూ నోటుబుక్కులో రాసుకున్నాను. రక్తం మోరీలో పారబోసి, నంబర్లు మాత్రం రాసి పంపుతున్నారేమోనన్న పురుగు అప్పుడే తొలవడం మొదలుపెట్టింది. సందేహంలోనే దేహం ఉంది కదా, నా విషయంలో రెండూ కలిసే పరీక్షకు వెళ్లాయి.

తాండూరులో ఆ ల్యాబుకే రక్తం తీసే చిన్న గది ఉంది. అక్కడ నా పేరుతో నా రక్తం ఇచ్చాను. తమ్ముణ్ని రమ్మంటే, "నాకు యాడ తీరుతదే, విత్తనాలేస్తున్న. మల్ల చూద్దం తీ" అన్నాడు. ఆధార్ కార్డు ఒక్కటి ఇయ్యమని తెచ్చుకున్నాను. రెండు రోజుల తర్వాత రైలెక్కి వికారాబాద్ వెళ్లి, ఆ కార్డు చూపించి తమ్ముడి పేరుతో మళ్లీ నా రక్తమే ఇచ్చాను. ఎవరూ పట్టుకోలేదు. ఆధార్ ఫోటోలో ఎవరైనా ఎవరిలాగైనా ఉంటారు.

మూడు వారాలకు కౌంటర్ ఆమె ఫోన్ చేసింది.

"సార్, మీరు, మీ తమ్ముడు కవలలా?"

"కాదు మేడం, నాలుగేండ్ల తేడా."

"నాలుగేండ్ల తేడాతోని కవలలు పుట్టరు సార్. ఇద్దరి రక్తం ఒక్కటే అని వచ్చింది. యాడనో నమూనాలు కలిసినయని మీ ఇంటి రిపోర్టులు మూడూ ఆపిన్రు."

నాన్న లెక్క ప్రకారం ల్యాబు నెగ్గింది, వాళ్లు పొట్లం విప్పే చూశారు. కానీ ఆగిన మూడింట్లో అన్నది కూడా ఉంది.

అన్న దుకాణంలో మడిచిన గోనెసంచి మీద కాళ్లు పెట్టుకుని కూర్చుని రోజూ అడిగేవాడు. "ఏమాయెరా, ఇంక రాలేదా?"

"వస్తదే అన్న, శానా దూరం పోయింది గద."

మూడో రోజుకు నా వల్ల కాలేదు, చెప్పేశాను. అన్న గోనెసంచి మీంచి కాళ్లు దించాడు.

"నా కిడ్నీల మీద బేరమాడినవురా."

"బేరం కాదే, నమూనా."

"నమూనాకు నేనే దొరికిన్నా?"

రెండు రోజుల తర్వాత తనే లేచి, తమ్ముణ్ని కూడా పిలిపించి వికారాబాద్ బయల్దేరాడు. కౌంటర్ దగ్గర నేను చేసిందంతా చెప్పాను. ఆమె తలెత్తకుండా కంప్యూటర్‌లో ఏదో కొట్టింది.

"ఏం రాస్తున్నరు మేడం?"

"మీ అసొంటోళ్లకు సుత ఒక కోడ్ ఉంది సార్."

పేరు రాయకుండా నంబరు రాసే పద్ధతి ఎంత మంచిదో అప్పుడు తెలిసింది. ముగ్గురం ఎవరి రక్తం వాళ్లే ఇచ్చాం. రిపోర్టులో అన్నకు రోగం ఉన్నట్టు, మా ఇద్దరికీ లేనట్టు తేలింది. కాగితాలు బీమాకు వెళ్లాయి. పది రోజులకు జవాబొచ్చింది. రోగలక్షణాలు లేని మనిషికి ముందుజాగ్రత్తగా చేసిన పరీక్ష కనుక దీని మీద మందు మంజూరు కాదట.

అన్న ఆ ఉత్తరం చదివి పాదాల వంక చూసుకున్నాడు. "లక్షణాలు లేవంటన్రా. వీటిని పోస్టుల పంపాల్నా?"

నేను నోటుబుక్కు తీశాను. అన్న పాత బిల్లు మీద రెండో నంబరు ఒకటి, కొత్త బిల్లు మీద మరొకటి. కొత్తది సరిగ్గా నా బిల్లు మీదున్నదే, తమ్ముడిదీ అదే. ముగ్గురివీ ఒకేసారి చేస్తూ మా కారణాన్నే అన్నకూ అంటించారు.

"మల్ల అనుమానమా?" అన్నాడు అన్న.

మర్నాడు పొద్దున్నే నేనొక్కణ్నే వెళ్లాను. కౌంటర్ ఆమె నన్ను చూస్తూనే లైనులో అందరికీ వినపడేలా, "సార్, మీకు అనుమానం ఇంక పోలేదా? ఈసారి ఎవరి రక్తం తెచ్చిన్రు?" అంది. లైను నవ్వింది. నేను రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి రెండో నంబర్ల మీద వేలుంచాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"కూసోండి. మార్చాల్నంటే పెద్దసారు రావాలె, గంట పడతది."

తప్పయిందన్న మాట రాలేదు. నేను దానికి కోడ్ ఉందా అని అడగలేదు. ఆ రోజు మారిన బిల్లుతోనే తర్వాతి వారం అన్న మందు మొదలైంది గానీ, ఆ గంట మాత్రం నాది.

బెంచీ మీద నా పక్కన దోమ అనే ఊరి నుంచి వచ్చిన ఒకామె బిల్లు మడతపెట్టుకుంటోంది.

"అమ్మా, రెండో నంబర్ ఏందో అడిగినవా?" అన్నాను మెల్లగా.

"లేదే. ఏందది?"

"ఎందుకు పరీక్ష చేస్తున్నరో అండ్లనే ఉంటది. తప్పు పడితే బీమా రాదు."

ఆమె లేచి లైనులో నిలబడింది. ఆమె అడగడం విని వెనకాయన అడిగాడు. ఆయన్ను చూసి, వెళ్లిపోతున్న ఇద్దరు మెట్ల మీంచి వెనక్కి వచ్చారు. ఒక్కొక్కరి రోగం ఒక్కొక్కరికే వినపడాలి కనుక, కౌంటర్ ఆమె ప్రతిసారీ ముందుకు వంగి, నంబరు చూసి, అర్థం వెతికి చెప్పాల్సి వచ్చింది. మధ్యలో ఒక బిల్లు దగ్గర ఆగి, మళ్లీ చూసి, ఏదో దిద్దింది. తర్వాత అద్దాల మీంచి నా వైపు చూసింది. నేను ఫ్యాను చూస్తున్నాను.

నవాబుపేట ముసలాయన ఒకాయన కౌంటర్ వదల్లేదు.

"మల్లొక్కపారి చెప్పు బిడ్డా, ఇంట్ల అడుగుతరు."

పెద్దసారు ఎప్పుడో వచ్చాడు. లైను మాత్రం తరగలేదు. అందరికన్నా ఆఖరున ఇచ్చింది నా బిల్లే.